ఎల్క్ మాంసాన్ని వీపు మీద బయటికి తేవడం: తుపాకి పేల్చే ముందే వేసుకోవాల్సిన లెక్క

మీ ప్రశ్న మళ్ళీ ఒకసారి: డెన్వర్‌లో ఉంటున్నారు, అక్టోబర్ రైఫిల్ సీజన్‌కి మొదటిసారి ఆడ ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక జాతి జంతువు) ట్యాగ్, అంటే దాన్ని వేటాడే అనుమతి, వచ్చింది, ఒక ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ విల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలోకి 3 మైళ్ళు నడిచి వెళ్దామనుకుంటున్నారు. గుర్రాలు లేవు. ఎల్క్ పడితే ఇద్దరే మోసుకు రాగలరా, ఎన్ని విడతలు తిరగాలి, అంతలో మాంసం పాడవదా, ఏ ప్యాక్ కొనాలి అని అడిగారు.

మోసుకు రాగలరు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు మనుషులు ఒక ఆడ ఎల్క్‌ని 3 మైళ్ళ నుంచి బయటికి తేవడం ఒళ్ళు హూనమయ్యే పని, అయినా అయ్యే పనే. కానీ నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇంకోటి ఉంది. మోత గురించిన నిర్ణయం తుపాకి ఎత్తే ముందే అయిపోవాలి. స్కోప్‌లో ఎల్క్ కనబడినప్పుడు "గురి కుదిరిందా" అన్నది ఒక ప్రశ్న, "ఇక్కడ పడితే పాడవకుండా బయటికి తేగలమా" అన్నది రెండో ప్రశ్న. రెండింటికీ అవును అనిపిస్తేనే పేల్చాలి. రెండోదానికి జవాబు లేకుండా కాలిస్తే, ఒక ప్రాణం తీసి దాన్ని అడవిలో కుళ్ళబెట్టడానికి ఒప్పుకున్నట్టే.

మనలో చాలామందికి ఇది ఇంట్లో పెద్దవాళ్ళని చూసి నేర్చుకునే వీలు లేని పని. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. మనం చూసిన మాంసమంతా కొట్టులో వేలాడదీసి, అడిగినంత కోసి ఇచ్చిందే. ఇక్కడి పిల్లలు నాన్న వెనకాల నడుస్తూ నేర్చుకునేది మనం కాగితం మీద లెక్క వేసుకుని నేర్చుకోవాలి. అందుకే లెక్కతోనే మొదలుపెడతాను.

ఎదిగిన ఆడ ఎల్క్ సుమారు 500 పౌండ్లు, అంటే 225 కిలోల పైనే ఉంటుంది. మగది 700 పౌండ్ల దాకా వెళ్తుంది. తల, తోలు, పేగులు, ఎముకలు అన్నీ పోగా ఆడదాని నుంచి 150 నుంచి 170 పౌండ్ల మాంసం వస్తుంది, మగదాని నుంచి 200 పౌండ్లూ ఆ పైనా. ఎముకతో సహా కాళ్ళు మోస్తే ఇంకో 30 పౌండ్లు కలుపుకోండి. వెనక తొడ ఒక్కటే ఎముకతో 50 పౌండ్లు ఉంటుంది.

ఇక మనిషి సంగతి. కండలు తిరిగినవాళ్ళు 100 పౌండ్లు మోసిన వీడియోలు మీరు చూసే ఉంటారు. వాటిని పక్కన పెట్టండి. 10,000 అడుగుల ఎత్తులో, ట్రెయిల్ లేని చోట, వారమంతా ఆఫీసు కుర్చీలో కూర్చునే మనిషికి మాంసం 50 నుంచి 60 పౌండ్లు చాలు. ప్యాక్, నీళ్ళు, జాకెట్, తుపాకి కలిపి దానికి ఇంకో 20, 25 పౌండ్లు తోడవుతాయి. అంటే 75, 80 పౌండ్ల మోత. ఆడ ఎల్క్‌కి ఇలాంటివి మూడు మోతలు, ఎముకతో తెస్తే నాలుగు. మీరు ఇద్దరు కాబట్టి రెండు విడతలు.

నడక ఎంతో తెలియాలంటే ఒక సులువైన పద్ధతి ఉంది. విడతల్ని రెట్టింపు చేసి, ఒకటి తీసేసి, దూరంతో గుణించండి. ఇద్దరికి రెండు విడతలు, 3 మైళ్ళు: మూడు మూళ్ళు 9 మైళ్ళు, అందులో 6 మైళ్ళు బరువుతో. ఒక్కరే అయితే మూడు విడతలు, 15 మైళ్ళు. అదే 5 మైళ్ళ లోపలైతే ఒక్కరికి 25 మైళ్ళు. పొద్దున్నించి వేటాడుతూ తిరిగిన నడక ఇందులో కలపలేదు. ఈ అంకెలు రాసి ప్యాక్‌లో పెట్టుకోండి. "ఇంకొక్క మిట్ట దాటి చూద్దాం" అనిపించినప్పుడు ఒకసారి తీసి చూడండి.

మ్యాప్‌లో 3 మైళ్ళు అన్నిచోట్లా ఒకటే 3 మైళ్ళు కావు. చదునైన ట్రెయిల్ మీద బరువుతో గంటకి మైలున్నర నడుస్తారు. ఫ్లాట్ టాప్స్ పేరుకి తగ్గట్టు పైన బల్లపరుపుగానే ఉంటుంది, అంచులు మాత్రం నిటారుగా దిగుతాయి. ఆ వాలుల్లో బెరడు పురుగు పట్టి చచ్చిన స్ప్రూస్ చెట్లు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. 70 పౌండ్లు వేసుకుని నడుం ఎత్తు దుంగ మీద కాలు వేసి అటు దిగడం, పది అడుగులు నడవగానే ఇంకో దుంగ. అలాంటి చోట గంటకి అర మైలు నడిస్తే గొప్పే. ట్రెయిల్‌కి ఎగువన పడ్డ ఎల్క్‌ని దించుకు రావచ్చు. ట్రెయిల్‌కి 1,000 అడుగుల దిగువన వాగులో పడిందా, ప్రతి ముక్కనీ ఎక్కించాల్సిందే. నా సలహా: ముందే మ్యాప్‌లో మీరు వేటాడే చోటంతా చూసి "ఇక్కడ పేల్చం" అనే గీతలు గీసుకోండి. కారు ఉన్న వైపుకి ఎదురు వాలు ఎక్కాల్సిన ప్రతి లోయా ఆ గీతల అవతలే ఉండాలి.

పొద్దు కూడా చూసుకోవాలి. కొలరాడోలో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చడానికి అనుమతి ఉంది. ఆ చివరి వెలుగులోనే ఎల్క్ పచ్చిక మీదికి వస్తాయి. అప్పుడు కాలిస్తే, మొదటిసారి కోసే ఇద్దరికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే రాత్రి పదో పదకొండో అవుతుంది. అందులో తప్పు లేదు. అక్టోబర్ రాత్రి చలి మాంసానికి మంచిదే. కానీ ఆ రాత్రే 3 మైళ్ళు మోస్తామని ప్లాన్ వేసుకోకండి. అలిసిపోయి, చీకట్లో, బరువుతో నడిచేటప్పుడే మడమలు మడతపడతాయి. మాంసం చెట్టుకి కట్టి, చేతులు కడుక్కుని, ఏదో ఒకటి తిని పడుకోండి. తెల్లవారాక మొదలుపెట్టండి. ఇద్దరి దగ్గరా రెండేసి హెడ్‌ల్యాంపులు, అదనపు బ్యాటరీలు తప్పనిసరి.

మాంసం పాడవడం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు బరువు గురించి భయపడి దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మొదటి శత్రువు వేడి. బతికున్న ఎల్క్ ఒంటి వేడి మనకన్నా కాస్త ఎక్కువే, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన. శీతాకాలానికి పెరిగిన దట్టమైన బొచ్చు, దళసరి తోలు, కింద కొవ్వు. చచ్చిపోయాక కూడా ఆ తోలు వేడిని బయటికి పోనివ్వదు. తోలుతో అలాగే మంచులో పడేసినా లోపల తొడ మధ్యలో వేడి గంటలకొద్దీ నిలిచిపోతుంది. బయట గడ్డకట్టే చలి ఉంది కదా, పొద్దున్నే వచ్చి కోసుకుందాం అని వదిలేసినవాళ్ళకి పొద్దున తుంటి ఎముక చుట్టూ మాంసం ఆకుపచ్చగా మారి, పులిసిన కంపు కొడుతూ దొరుకుతుంది. దీన్ని ఇక్కడ బోన్ సోర్ అంటారు. వెచ్చటి సెప్టెంబర్‌లో విల్లుతో వేటాడేవాళ్ళకి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి ఎల్క్ పడ్డాక, ఫోటోలు రెండు తీసుకుని, వెంటనే తోలు ఒలవడం మొదలుపెట్టండి.

దానికన్నా ముందు ఒక్క నిమిషం ట్యాగ్ పని. ఎల్క్ చనిపోయిందని ఖాయం చేసుకోగానే ట్యాగ్ మీద సంతకం, తేదీ వేసి విడదీయాలి. ఇది తర్వాత చేసే పని కాదు. ఇంకోటి, మీది ఆడ ఎల్క్ ట్యాగ్ కాబట్టి అది ఆడదేనని చూపించే భాగం, ఉదాహరణకి పొదుగు, ఒక తొడకి గానీ ఏదో పెద్ద ముక్కకి గానీ సహజంగా అంటుకునే ఉండాలి. కోసి విడిగా సంచిలో వేస్తే చెల్లదు. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు ఏటా వేసే నియమాల పుస్తకంలో ఇదంతా ఉంటుంది. ఆ సంవత్సరపు పుస్తకమే చదవండి, నా మాట మీద ఆధారపడకండి. కనీసం ఏమేం తేవాలో కూడా చట్టం చెబుతుంది: నాలుగు కాళ్ళ మాంసం, వెన్ను వెంట ఉండే బ్యాక్‌స్ట్రాప్‌లు, లోపలి టెండర్‌లాయిన్‌లు. ఇవి వదిలేసి వస్తే నేరం. మెడ మాంసం, పక్కటెముకల మధ్య మాంసం కూడా తీసుకోమని నేనంటాను. మెడ మన కూరకి ఎంత బావుంటుందో వండాక మీకే తెలుస్తుంది.

కోసే పద్ధతికి వస్తే, కాలినడకన వెళ్ళేవాళ్ళు పొట్ట చీల్చక్కర్లేదు. ఎల్క్‌ని పక్కకి పడుకోబెట్టి, వెన్ను వెంట మెడ నుంచి తోక దాకా తోలు గీసి, పైకి ఉన్న సగం తోలుని పొట్ట వైపు ఒలుచుకుంటూ రావాలి. ఒలిచిన తోలు కింద పరుపులా పనికొస్తుంది, మాంసానికి మట్టి అంటదు. ముందు జబ్బ తీయండి. జబ్బకి ఒంటితో ఎముక కీలు ఉండదు, కండతోనే అతుక్కుని ఉంటుంది. మీ ఫ్రెండ్ కాలు పైకెత్తి పట్టుకుంటే జబ్బ కింద కత్తి పోనిస్తూ వెళ్ళడమే, సులువుగా విడిపోతుంది.

వెనక తొడకి కొంచెం ఓపిక కావాలి. కాలు ఎత్తి పట్టుకుని, తొడ లోపలి వైపు నుంచి కటి ఎముకకి ఆనించి కత్తి నడపండి. ఎముకని వదలకుండా దాని వంపు వెంటే వెళ్తే లోపల తెల్లగా, నున్నగా మెరిసే కీలు గుండు కనబడుతుంది. గిన్నెలో కూర్చున్న ఆ గుండుని ఒక మందపాటి తెల్ల పీచు పట్టుకుని ఉంటుంది. కత్తి మొన దూర్చి ఆ పీచు తెంపగానే తొడ బరువంతా ఒక్కసారిగా మీ ఫ్రెండ్ చేతుల మీదికి వస్తుంది, కాబట్టి ముందే చెప్పి తెంపండి. రంపం, గొడ్డలి ఏమీ అక్కర్లేదు. ఆ తర్వాత వెన్నుకి పక్కన మెడ దాకా బారుగా ఉండే బ్యాక్‌స్ట్రాప్, మెడ మాంసం. టెండర్‌లాయిన్ చివర్న తీయండి. ఆఖరి పక్కటెముక వెనక జాగ్రత్తగా కోసి, చెయ్యి లోపలికి పెట్టి పేగుల్ని కిందికి నొక్కి పట్టుకుంటే వెన్ను కింద మెత్తగా తగులుతుంది. దాన్ని వేళ్ళతోనే చాలావరకు విడదీయొచ్చు. ఒకవైపు అయ్యాక రెండోవైపుకి తిప్పి మళ్ళీ అదే వరస.

కత్తి గురించి ఒక్క మాట. బ్లేడు మార్చుకునే హావలాన్ లాంటి కత్తులు చాలా పదునుగా ఉంటాయి, తేలికగానూ ఉంటాయి. కానీ కీళ్ళ దగ్గర మెలితిప్పితే బ్లేడు విరిగి మాంసంలోనే ఉండిపోతుంది. కీళ్ళకి మామూలు గట్టి కత్తి ఒకటి పెట్టుకోండి. ఎప్పుడూ ఒంటి వైపు లాగుతూ కోయకండి, ఇద్దరూ ఒకే చోట ఒకేసారి కోయకండి. ట్రెయిల్ మొదలయ్యే చోటికి 3 మైళ్ళ దూరంలో, ఫోన్ సిగ్నల్ లేని చోట తొడ రక్తనాళం తెగితే అంబులెన్స్ రాదు. టూర్నికే (రక్తం ఆగేలా బిగించే పట్టీ) ఒకటి, శాటిలైట్ మెసెంజర్ ఒకటి ప్యాక్‌లో ఉండి తీరాలి.

తీసిన ప్రతి ముక్కనీ గాలి ఆడే బట్ట సంచిలో వేయాలి. గేమ్ బ్యాగ్ అని అమ్ముతారు, ఎల్క్‌కి ఐదారు కావాలి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వేయకండి, వేడీ తేమా లోపలే ఉండి మాంసం ఉడికిపోయినట్టవుతుంది. బట్ట సంచిలో పెట్టి నీడలో గాలికి వేలాడదీస్తే పైపొర ఆరి సన్నటి పెచ్చులా గట్టిపడుతుంది. ఆ పెచ్చు కట్టిందంటే ఈగలు గుడ్లు పెట్టలేవు, పైన సూక్ష్మజీవులు పెరగడం కూడా తగ్గుతుంది. అందుకే మాంసాన్ని వాగు నీళ్ళతో కడగొద్దు. వెంట్రుకలు, ఆకులు అంటుకుంటే ఇంటికొచ్చాక తీసుకోవచ్చు. ఎండ ఎక్కువగా ఉంటే ఉత్తర వాలున, వాగు పక్కన, దట్టమైన చెట్ల కింద కట్టండి. రాత్రి చల్లగాలి వాగు వెంటే దిగుతుంది, అక్కడ ఉష్ణోగ్రత చుట్టుపక్కల కన్నా తక్కువ. సూర్యుడు తిరుగుతాడని మర్చిపోకండి. పొద్దున నీడగా ఉన్న కొమ్మ మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది.

ఎముకతో తేవాలా, ఎముక నుంచి మాంసం ఒలిచి తేవాలా అని చాలామందికి సందేహం. ఎముక మీద ఉన్న మాంసం ఒక్క ముద్దగా శుభ్రంగా ఉంటుంది, ప్యాక్‌లో కదలదు, బిగుసుకున్నాక మెత్తదనం కూడా బావుంటుంది. ఒలిస్తే బరువు తగ్గుతుంది, త్వరగా చల్లారుతుంది, కానీ ముక్కలన్నీ సంచిలో జారి అడుక్కి చేరి ముద్దవుతాయి. మైలున్నర లోపలైతే నేను ఎముకతోనే తెస్తాను. 3 మైళ్ళకి, అదీ రెండు విడతల్లో ముగించాలంటే, తొడలు ఒలవండి, జబ్బలు ఎముకతో ఉంచండి. పొదుగు అంటుకున్న తొడలో మాత్రం అది ఊడిపోకుండా పెద్ద ముక్కగా ఉంచాలి, పైన చెప్పిన నియమం గుర్తుందిగా. వాతావరణం వెచ్చగా ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఒలిచేయండి. కనీసం తొడ లోపలి వైపు ఎముక దాకా ఒక గాటు పెడితే వేడి బయటికి పోతుంది.

మాంసం కట్టే చోటు కోసిన చోటికి కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. పేగులు, తోలు ఉన్న చోటికే ఎలుగుబంట్లు, కొయోటీలు, పక్షులు ముందు వస్తాయి. కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులే. ఇక్కడ చివరి గ్రిజ్లీ (ఇంకా పెద్దదైన గోధుమ ఎలుగు) 1979లో శాన్ హువాన్ పర్వతాల్లో చనిపోయింది. నల్ల ఎలుగుకీ మాంసం వాసన తెలుస్తుంది కాబట్టి నేల నుంచి 10, 12 అడుగుల ఎత్తున, మానుకి దూరంగా కట్టండి. 50 పౌండ్ల తొడని అంత ఎత్తుకి లాగడం ఇద్దరికీ కష్టమే, దానికి చిన్న కప్పీ ఒకటి పెట్టుకుంటే మేలు. రెండో విడతకి తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే గట్టిగా మాట్లాడుకుంటూ రండి. ఎలుగు అప్పటికే మాంసం మీద కూర్చుని ఉంటే దాన్ని తరమడానికి దగ్గరికి వెళ్ళొద్దు. వచ్చే ఏడు వయోమింగ్‌కో మోంటానాకో వెళ్దామనుకుంటే అక్కడ గ్రిజ్లీలు ఉన్నాయి, అక్కడ మాంసం పెట్టే పద్ధతే వేరు: దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడగలిగేలా బయలు ప్రదేశంలో పెడతారు, బేర్ స్ప్రే నడుముకే ఉంటుంది. ఎక్కడైనా సరే, ఎల్క్ పడ్డ చోటు, మాంసం కట్టిన చోటు రెండూ జీపీఎస్‌లో గుర్తు పెట్టి, చెట్లకి ఆరెంజ్ రిబ్బన్ కట్టండి. పొద్దున ఒకేలా కనబడే స్ప్రూస్ చెట్ల మధ్య "ఇక్కడే ఎక్కడో" అనుకుంటూ గంట వెతకడం వృథా శ్రమ. వచ్చేటప్పుడు ఆ రిబ్బన్లు విప్పి తెచ్చేయండి.

ఇప్పుడు ప్యాక్. మామూలు ట్రెకింగ్ ప్యాక్ దీనికి సరిపోదు. ఫ్రేమ్‌కీ సంచికీ మధ్య మాంసం పెట్టి బిగించే చోటు ఉన్న ప్యాక్ కావాలి. స్టోన్ గ్లేసియర్, ఎక్సో, కిఫారు లాంటి కంపెనీలు వేటకోసమే వీటిని చేస్తాయి, ఖరీదు ఎక్కువ. మొదటి ఏడు అంత పెట్టక్కర్లేదు. సంచి లేని అల్యూమినియం ఫ్రేమ్, మంచి నడుం పట్టీతో, సెకండ్ హ్యాండ్‌ది దొరికినా పని జరుగుతుంది. డబ్బు ఉంటే ముందు బూట్ల మీద పెట్టండి.

బరువు ఎక్కడ కూర్చుందన్నదే అసలు విషయం. మాంసం వీపుకి ఆనుకుని, రెండు భుజపు ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. కిందికి జారితే నడుం వెనక్కి లాగుతుంది, వీపుకి దూరమైతే మీరు ముందుకి వంగి నడవాలి. సంచిని ఫ్రేమ్‌కి కట్టాక ఊపి చూడండి, కదిలితే విప్పి మళ్ళీ కట్టండి. పది నిమిషాలు పోయినా ఫరవాలేదు. మాంసానికీ మీ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్‌కీ మధ్య ఒక పెద్ద చెత్త కవర్ అడ్డం పెట్టుకోండి, నెత్తురు అంటకుండా.

ఎత్తుకోవడం ఒక విద్య. 80 పౌండ్లని చేత్తో పైకెత్తి భుజానికి తగిలించుకుందామని చూడకండి, నడుం పట్టేస్తుంది. ప్యాక్‌ని వాలులో ఎగువ వైపు పెట్టి, దాని ముందు దిగువకి తిరిగి కూర్చోండి. చేతులు దూర్చి, ముందు నడుం పట్టీ తుంటి ఎముక పైఅంచు మీద కూర్చునేలా గట్టిగా బిగించండి. తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత పైన ఉండే చిన్న లిఫ్టర్ పట్టీలు. ఇప్పుడు పక్కకి దొర్లి మోకాళ్ళు, చేతుల మీదికి రండి. ఒక కాలు ముందుకి వేసి, చేతికర్రలు రెండూ నేలకి ఆనించి, తొడల బలంతో లేవండి. మీ ఫ్రెండ్ వెనక నుంచి ఫ్రేమ్ పట్టుకుని కాస్త పైకి లేపితే ఇంకా సుఖం. బరువులో నూటికి ఎనభై పాళ్ళు తుంటి మీదే ఉన్నట్టు తెలియాలి. భుజాలు నొక్కుకుపోతుంటే పట్టీలు మళ్ళీ సరిచేయండి. దింపుకునేటప్పుడు నేల మీద కాకుండా నడుం ఎత్తు దుంగ మీదో బండ మీదో ఆనించి ఆగండి. తమిళనాడు పల్లెల్లో దారి పక్కన సుమైతాంగి రాళ్ళు పాతింది అందుకే కదా, తలమీది మోత ఇంకొకరి సాయం లేకుండా దింపుకుని మళ్ళీ ఎత్తుకోవడానికి.

నడిచేటప్పుడు చిన్న అడుగులు. ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకీ వెనక కాలు నిటారుగా చేసి ఒక్క క్షణం ఎముక మీద బరువు ఆనిస్తే కండకి విశ్రాంతి దొరుకుతుంది. దిగేటప్పుడు కర్రలు కొంచెం పొడవు చేసుకోండి, బూటు లేసులు పైన బిగించండి, లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే. చెమట పట్టేలోపే జాకెట్ తీసేయండి, ఆగగానే వేసుకోండి. తడిసిన బట్టలతో చలిగాలికి కూర్చుంటే నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. ఉప్పూ చక్కెరా ఉన్న నీళ్ళు తాగుతూ ఉండండి. ఆకలి వేసేదాకా ఆగకుండా గంట గంటకీ ఏదైనా తినండి. పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు ఈ పనికి ఏ ఎనర్జీ బార్‌కీ తీసిపోవు.

ఆరెంజ్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. రైఫిల్ సీజన్‌లో నడుముకి పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్, తలకి టోపీతో సహా వేసుకోవాలని నియమం. మీరు వెస్ట్ వేసుకుంటారు. కానీ మాంసం ప్యాక్ ఎత్తుకోగానే వీపు వైపు వెస్ట్ అంతా దాని వెనక దాక్కుంటుంది. గోధుమ రంగు బట్టలో చుట్టిన ఎల్క్ తొడ మోస్తూ, వంగి, చెట్ల మధ్య నడుస్తున్న మనిషి దూరం నుంచి ఎలా కనబడతాడో ఆలోచించండి. ఇంకో ఆరెంజ్ వెస్ట్ ప్యాక్ మీద తొడగండి. మోతలో ఉన్నప్పుడు తుపాకి ఖాళీగా ఉండాలి.

మొదటి విడతలో ఏం తేవాలన్నది నా అభిప్రాయం మాత్రమే: చల్లగా ఉంటే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే బరువైన తొడలు తెచ్చేయండి, జబ్బలు చివరికి ఉంచండి. వెచ్చగా ఉంటే ఒలిచిన విడి మాంసం, బ్యాక్‌స్ట్రాప్‌లు ముందు. కారులో కూలర్లు ముందే ఐస్‌తో సిద్ధంగా ఉంటే ఆ మాంసం గట్టెక్కినట్టే.

చక్రాల బండి సంగతి కూడా కొందరు అడుగుతారు. గేమ్ కార్ట్ ఫారెస్ట్ రోడ్ల దగ్గర బాగా పనికొస్తుంది, కానీ విల్డర్‌నెస్ సరిహద్దు దాటాక చక్రం ఉన్నదేదీ తీసుకెళ్ళకూడదు. 1964 విల్డర్‌నెస్ చట్టం కింద మోటార్లే కాదు, బండ్లూ సైకిళ్ళూ కూడా నిషేధం. గుర్రాలకీ లామాలకీ అనుమతి ఉంది. లామా ఒక్కోటి 60 నుంచి 80 పౌండ్లు మోస్తుంది, అద్దెకి ఇచ్చేవాళ్ళున్నారు. ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ ఉన్న ప్యాకర్లు డబ్బు తీసుకుని గుర్రాల మీద మాంసం బయటికి తెస్తారు. సీజన్ మొదలవక ముందే ఒకరిద్దరికి ఫోన్ చేసి, రేటు, ఎంతసేపట్లో రాగలరో కనుక్కుని నంబర్ రాసుకోండి. మోకాలు బెణికినా, మంచు తుఫాను వచ్చినా ఆ నంబరే మాంసాన్ని కాపాడుతుంది. అలా డబ్బిచ్చి తెప్పించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

మీ ఫ్రెండ్ హెచ్1బీ మీద ఉన్నాడని రాశారు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆయన వేటాడకుండా మోతకే వస్తుంటే మీ తుపాకి ఆయన చేతికివ్వకండి. "కాసేపు పట్టుకో" అన్నది కూడా వద్దు. వీసా మీద బతికేవాళ్ళకి ఇలాంటి చిన్నవాటితోనే పెద్ద టెన్షన్ వస్తుంది. సందేహముంటే లాయర్‌ని అడగాలి.

ఇంకా నెలలు ఉన్నాయి కాబట్టి ఒళ్ళు తయారు చేసుకోండి. జిమ్‌లో బరువులెత్తడం కన్నా ప్యాక్ వేసుకుని మెట్లు ఎక్కడం మేలు. దగ్గర్లో రెడ్ రాక్స్ ఉంది, కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర మానిటూ ఇంక్లైన్ ఉంది. ప్యాక్‌లో నీళ్ళ క్యాన్లు పెట్టుకోండి. గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైన, ఐదు క్యాన్లతో 40 పౌండ్లవుతుంది. పైకి చేరాక నీళ్ళు పారబోసి ఖాళీగా దిగండి, మోకాళ్ళు అక్టోబర్ దాకా బాగుంటాయి. ఆఖరి రెండు వారాల్లో మాత్రం ఒకట్రెండు సార్లు బరువుతోనే దిగి చూడండి. డెన్వర్ నుంచి సరాసరి 10,000 అడుగులకి వెళ్ళి మర్నాడే వేటకి దిగకుండా ఒక రోజు ముందే వెళ్ళి అక్కడ నిద్ర చేయండి.

కారు దగ్గరికి చేరాక. 120 క్వార్ట్‌ల కూలర్లు రెండు ఉంటే ఒక ఆడ ఎల్క్ పడుతుంది. విడి ఐస్ కన్నా పాల క్యాన్లలో గడ్డకట్టించిన నీళ్ళు నయం, కరిగినా మాంసం తడవదు. కూలర్ అడుగున తడి చేరకుండా గొట్టం తెరిచి ఉంచండి. ఇంటికి చేరేలోపు మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తక్కువగా ఉండాలి.

చివరిగా సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక జాతి మెదడుని తినేసే ఈ జబ్బుని మొదట గుర్తించింది కొలరాడోలోనే, 1967లో ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలో. మనుషులకి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, అయినా పాజిటివ్ వచ్చిన జంతువు మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మీరు వేటాడే యూనిట్‌లో (వేట ప్రాంతంలో) ఆ ఏడు పరీక్ష తప్పనిసరో కాదో చూసుకోండి. కాకపోయినా చేయించమంటాను. దానికి తల కావాలి, అంటే మోతలో ఇంకో 25 పౌండ్లు, ముందే లెక్కలో కలుపుకోండి. పైన చెప్పినట్టు కోస్తే వెన్నెముక, వెన్నుపాము అడవిలోనే ఉండిపోతాయి, అది కూడా మంచిదే. మాంసం ప్రాసెసర్‌కి ఇస్తే మీ ఎల్క్‌ని వేరేవాళ్ళ మాంసంతో కలపొద్దని రాయించుకోండి. ప్యాకెట్ల మీద తేదీ, ట్యాగ్ నంబర్ వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. దీపావళి పాట్‌లక్‌కి గోంగూర ఎల్క్ చేసి తెస్తానని ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే, పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే ఆ ప్యాకెట్ విప్పండి.